ఆరుగురి టీమ్: షేర్డ్ ఫోల్డర్, ఎఫ్‌టీపీ వదిలేసి గిట్‌కి మారాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

బెళ్ళందూరు_బ్యాకెండ్

అందరికీ నమస్తే. బెంగళూరులో చిన్న కంపెనీ, డెవలపర్లం ఆరుగురం. నలుగురం బెళ్ళందూరు ఆఫీసులో, ఒకరు అనంతపురం నుంచి, ఒకరు చిత్తూరు నుంచి పనిచేస్తారు. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారవెల్‌లో ఏపీఐ, అడ్మిన్ ప్యానెల్; కోట్లిన్‌లో ఆండ్రాయిడ్ యాప్. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, ఉబుంటు సర్వర్. మా మెషీన్లలో నాలుగు విండోస్, ఒకటి మ్యాక్, ఒకటి ఉబుంటు.

ఇప్పుడు కోడంతా ఆఫీసులో ఒక మెషీన్ మీద షేర్డ్ ఫోల్డర్‌లో ఉంది. దానికి తోడు ఎవరి లాప్‌టాప్‌లో వాళ్ళ కాపీ. ఫైల్ మార్చే ముందు వాట్సాప్ గ్రూపులో "ఆర్డర్ కంట్రోలర్ నేను తీసుకున్నా, ఎవరూ ముట్టుకోవద్దు" అని పెడతారు, పని అయ్యాక ఫైల్‌జిల్లాతో (సర్వర్‌కి ఫైళ్ళు పంపే ఎఫ్‌టీపీ ప్రోగ్రామ్) నేరుగా లైవ్‌కి, అంటే కస్టమర్లు వాడే సర్వర్‌కి, ఎక్కిస్తారు. ఒకరు ఎక్కించిన దాని మీద ఇంకొకరు పాత ఫైల్ ఎక్కించేయడంతో బాగుచేసిన బగ్గులు తిరిగొస్తున్నాయి. ఫోల్డర్ మొత్తం 14 జీబీ. అందులో ఎక్కువ భాగం కస్టమర్లు అప్‌లోడ్ చేసిన ఫొటోలు, పాత జిప్ ఫైళ్ళు.

నాకు తేలాల్సినవి ఇవి. గిట్టా, సబ్‌వర్షనా (రెండూ కోడ్‌లో ఎవరు ఏం మార్చారో నమోదు చేసే ప్రోగ్రాములు)? ఎక్కడ పెట్టాలి? ఇన్ని కాపీల్లో దేన్ని అసలుదిగా తీసుకోవాలి? ఎఫ్‌టీపీ బదులు సర్వర్‌కి కోడ్ ఎలా పంపాలి? టీమ్‌లో ఇద్దరు మాత్రమే ఇంతకుముందు గిట్ వాడారు.

---

ట్రంక్_టు_మెయిన్

మీ ప్రశ్నల్లో అన్నిటికంటే ముఖ్యమైనది మూడోది, అక్కడి నుంచే మొదలుపెడతాను. షేర్డ్ ఫోల్డర్‌ని తీసుకోకండి, సీనియర్ లాప్‌టాప్‌లోదీ వద్దు. ఇప్పుడు లైవ్ సర్వర్‌లో నడుస్తున్న కోడే మీ మొదటి కమిట్ (గిట్‌లో నమోదు చేసే మార్పు) కావాలి. డబ్బులు కట్టే కస్టమర్ వాడుతున్నది అదొక్కటే. మిగతా కాపీలన్నిటిలో ఏదో ఒక ఫిక్స్ ఉండదు, లేదా సగం రాసిన ఫీచర్ ఉంటుంది. షేర్డ్ ఫోల్డర్‌తో మొదలుపెడితే మొదటి డిప్లాయ్‌లోనే (కోడ్‌ని సర్వర్‌కి ఎక్కించడం) లైవ్‌లో ఉన్న నాలుగు ఫిక్సులు ఎగిరిపోతాయి, తప్పు గిట్ మీదకి వెళ్తుంది, అందరూ మళ్ళీ ఫైల్‌జిల్లా తెరుస్తారు.

మారే రోజు వరుస ఇలా పెట్టుకోండి.

ముందు ఎఫ్‌టీపీ పాస్‌వర్డ్ మార్చేయండి. "ఈ రోజు ఎవరూ అప్‌లోడ్ చేయకండి" అని గ్రూపులో చెబితే సరిపోదు, ఎవరో ఒకరు చిన్న మార్పే కదా అని ఎక్కిస్తారు. పాస్‌వర్డ్ ఒక్కరి దగ్గరే ఉండాలి.

తర్వాత సర్వర్ నుంచి ప్రాజెక్టుని ఆర్‌సింక్‌తో (ఫైళ్ళు కాపీ చేసే కమాండ్) దించుకోండి. వెండర్, నోడ్_మాడ్యూల్స్ (లైబ్రరీల ఫోల్డర్లు), అప్‌లోడ్ చేసిన ఫొటోలు, లాగ్స్, .ఎన్వ్ ఫైల్ (పాస్‌వర్డ్‌లు, సెట్టింగులు ఉండేది) వదిలేయండి. మీ 14 జీబీ ఇక్కడే కరిగిపోతుంది. ఈ పనిని ఉబుంటు మెషీన్ మీదే చేయండి. విండోస్‌లో అయితే పెద్దక్షరం, చిన్నక్షరం తేడాతో ఒకే పేరున్న ఫైళ్ళు రెండు ఉంటే ఒకటి రెండోదాన్ని మింగేస్తుంది. సర్వర్ మీద అలాంటి జంటలు ఉండే అవకాశం ఎక్కువ, ఎందుకంటే పేరు మార్చి ఎఫ్‌టీపీ చేసినప్పుడు పాత ఫైల్ అక్కడే ఉండిపోతుంది.

ఇప్పుడు గిట్ ఇనిట్ (ఫోల్డర్‌లో గిట్ మొదలుపెట్టే కమాండ్). కానీ గిట్ యాడ్ (కమిట్‌కి ఫైళ్ళు ఎంచే కమాండ్) కొట్టకముందే రెండు ఫైళ్ళు రాయాలి. ఒకటి .గిట్‌ఇగ్నోర్, గిట్ పట్టించుకోకూడని వాటి జాబితా. అందులో వెండర్, నోడ్_మాడ్యూల్స్, .ఎన్వ్, జిప్, ఎస్‌క్యూఎల్ డంప్‌లు, లాగ్స్ ఉండాలి. కంపోజర్.లాక్, ప్యాకేజ్-లాక్.జేసన్ మాత్రం ఇగ్నోర్ చేయకండి, అవి కమిట్‌లో ఉంటేనే ఆరుగురికీ, సర్వర్‌కీ ఒకే వెర్షన్ లైబ్రరీలు వస్తాయి.

రెండోది .గిట్‌యాట్రిబ్యూట్స్, లైన్ చివరి గుర్తులు ఎలా ఉండాలో చెప్పేది (విండోస్‌లో సీఆర్‌ఎల్‌ఎఫ్, మిగతావాటిలో ఎల్‌ఎఫ్). విండోస్, మ్యాక్, ఉబుంటు కలిసిన టీమ్‌కి ఇది తప్పనిసరి. మొదటి లైన్ "* టెక్స్ట్=ఆటో". దాని కింద షెల్ స్క్రిప్టులకి, గ్రేడిల్‌డబ్ల్యూ ఫైల్‌కి "ఈఓఎల్=ఎల్‌ఎఫ్", బ్యాచ్ ఫైళ్ళకి "ఈఓఎల్=సీఆర్‌ఎల్‌ఎఫ్". ఇది లేకపోతే విండోస్‌లో సేవ్ చేసిన ఫైల్‌లో ఒక్క లైన్ మార్చినా డిఫ్‌లో (పాతకీ కొత్తకీ తేడా చూపే జాబితా) 800 లైన్లూ మారినట్టు కనబడొచ్చు, షెల్ స్క్రిప్ట్ అయితే సర్వర్‌లో "బ్యాడ్ ఇంటర్‌ప్రిటర్" అని ఆగిపోతుంది. ఒక్కొక్కరి మెషీన్‌లో ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్ సెట్ చేయడం మీద ఆధారపడకండి. కొత్తగా చేరినవాళ్ళు ఆ సెట్టింగ్ మర్చిపోతారు, ఈ ఫైల్ అయితే రిపోతో (గిట్‌లో ఉన్న ప్రాజెక్టు) పాటే వస్తుంది.

ఆ తర్వాతే గిట్ యాడ్. కమిట్ చేసేముందు "గిట్ ఎల్‌ఎస్-ఫైల్స్" కొట్టి జాబితా మొత్తం కళ్ళతో చదవండి. విసుగు పుట్టినా సరే, ఇది చేయాల్సిన పనే. బ్యాకప్_ఓల్డ్ ఫోల్డర్లు, ఎవరో టెస్ట్ కోసం పెట్టిన పీహెచ్‌పీ‌ఇన్ఫో ఫైల్, డేటాబేస్ డంప్ ఇక్కడే దొరుకుతాయి. కమిట్ అయ్యాక .గిట్ ఫోల్డర్ సైజ్ చూడండి. మీ లాంటి ప్రాజెక్టుకి కొన్ని పదుల ఎంబీ దాటకూడదు. వందల్లో ఉంటే ఏదో పెద్ద ఫైల్ లోపలికి వచ్చేసింది. ఇంకా ఎక్కడికీ పుష్ చేయలేదు (బయటి సర్వర్‌కి పంపలేదు) కాబట్టి .గిట్ ఫోల్డర్ తీసేసి మళ్ళీ మొదలుపెట్టడమే తేలిక.

లారవెల్‌లో ఇంకో చిక్కుంది. గిట్ ఖాళీ ఫోల్డర్లని నమోదు చేయదు. స్టోరేజ్/ఫ్రేమ్‌వర్క్ కింద క్యాష్, సెషన్స్, వ్యూస్ ఫోల్డర్లు క్లోన్‌లో (రిపో కొత్త కాపీలో) రాకపోతే "ప్లీజ్ ప్రొవైడ్ ఎ వ్యాలిడ్ క్యాష్ పాత్" అనే ఎర్రర్ వస్తుంది. కొత్త లారవెల్ ప్రాజెక్టులో ఆ ఫోల్డర్లలో ఒక్కో చిన్న .గిట్‌ఇగ్నోర్ ఉంటుంది. చుక్కతో మొదలయ్యే ఫైళ్ళు ఎఫ్‌టీపీలో తరచూ తప్పిపోతాయి కాబట్టి మీ సర్వర్‌లో అవి ఉండకపోవచ్చు. ఒక్కో ఫోల్డర్‌లో మళ్ళీ పెట్టండి. లోపల రెండే లైన్లు: "*", దాని కింద "!.గిట్‌ఇగ్నోర్".

ఇప్పుడు మిగతావాళ్ళ లాప్‌టాప్‌లలో ఉన్న పని సంగతి. అసలు ఓపిక కావాల్సింది ఇక్కడే. ప్రతి ఒక్కరూ కొత్తగా క్లోన్ చేసుకుని, "గిట్ స్విచ్ -సి" తో ఒక బ్రాంచ్ (విడిగా మార్చుకునే కోడ్ శాఖ) తెరిచి, తమ పాత ఫోల్డర్‌లోని ఫైళ్ళని దాని మీద కాపీ చేయాలి. "గిట్ డిఫ్ -డబ్ల్యూ" కొడితే లైవ్‌కీ తమ కాపీకీ ఉన్న తేడా అంతా బయటపడుతుంది. -డబ్ల్యూ వల్ల ఖాళీల తేడాలు కనబడవు. ఈ తేడాలు రెండు రకాలు: ఒకటి వాళ్ళు రాసిన కొత్త పని, రెండోది వేరేవాళ్ళు లైవ్‌లో బాగుచేసినది వీళ్ళ పాత కాపీలో లేకపోవడం. డిఫ్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఉదాహరణకి జీఎస్‌టీ లెక్కలో ఒక రౌండింగ్ లైన్ ఎర్రగా, అంటే తీసేసినట్టు కనిపిస్తే, అది ఆ డెవలపర్ కావాలని తీసింది కాకపోవచ్చు, ఆయన కాపీకి ఆ ఫిక్స్ ఎప్పుడూ చేరనే లేదు. కాబట్టి "గిట్ యాడ్ ." కొట్టనే కొట్టొద్దు. "గిట్ యాడ్ -పి" వాడండి. ఒక్కో ముక్క చూపించి అడుగుతుంది: మీరు రాసినదైతే వై, కాకపోతే ఎన్, రెండూ కలిసి ఉంటే ఎస్ కొట్టి విడదీయండి. కొత్త ఫైళ్ళు డిఫ్‌లో రావు, వాటిని గిట్ స్టేటస్‌లో చూసి విడిగా కలపాలి. ఒక్కొక్కరికి గంటో రెండు గంటలో పడుతుంది, పక్కన గిట్ తెలిసిన ఇద్దరిలో ఒకరు కూర్చోవాలి.

పాత జిప్‌లని తేదీల వారీగా కమిట్ చేసి హిస్టరీ తయారుచేయాలని ఎవరైనా అంటే వద్దనండి. ఎవరు ఎందుకు మార్చారో అందులో ఉండదు, చదవడానికి పనికిరాని హిస్టరీ అది. షేర్డ్ ఫోల్డర్‌ని తుడిచేయకుండా రీడ్-ఓన్లీ చేసి ఒక ఆరు నెలలు ఉంచండి, చాలు.

లారవెల్, ఆండ్రాయిడ్ రెండూ రెండు వేరు రిపోలు. వాటి రిలీజులు వేరు, వాటి మీద పనిచేసేవాళ్ళు కూడా చాలావరకు వేరు.

---

లాక్_ఫైల్

గిట్టా, సబ్‌వర్షనా అన్న దానికి నా వంతు. సబ్‌వర్షన్‌ని పాతదని కొట్టిపారేయకండి. 2000లో మొదలైన ప్రాజెక్టు అది, ఇప్పటికీ నిలకడగా పనిచేస్తుంది, నేర్చుకోవడం గిట్ కంటే తేలిక. కలపడానికి వీల్లేని ఫైళ్ళు, అంటే ఫొటోషాప్ డిజైన్లు, క్యాడ్ డ్రాయింగులు మీద ఎక్కువమంది పనిచేసే చోట దాని లాకింగ్ చాలా ఉపయోగం. మీరు వాట్సాప్‌లో చేస్తున్న "ఎవరూ ముట్టుకోవద్దు" పని అదే, కాకపోతే సర్వర్ పట్టుకుని ఆపుతుంది.

కానీ మీది దాదాపు అంతా టెక్స్ట్ కోడ్, ఇద్దరు ఊళ్ళలో ఉన్నారు. సబ్‌వర్షన్‌లో కమిట్ చేయాలంటే ప్రతిసారీ సర్వర్ అందాలి. గిట్‌లో నెట్ లేకపోయినా కమిట్ అవుతుంది, హిస్టరీ అంతా లాప్‌టాప్‌లోనే ఉంటుంది, ఆఫీసు డిస్క్ పోయినా ఆరు చోట్ల పూర్తి కాపీ మిగులుతుంది. పైగా ఆండ్రాయిడ్ స్టూడియో, వీఎస్ కోడ్, కొత్తగా చేరే పిల్లలు, అందరూ గిట్‌కే అలవాటుపడి ఉన్నారు. మీకు గిట్టే సరి.

---

పోర్ట్_22

ఎక్కడ పెట్టాలన్న దానికి "గిట్‌హబ్‌లో (రిపోలు ఉంచే సైట్) పెట్టేయండి" అని చెప్పేసి వదిలేస్తే మీకు తర్వాత చిక్కొస్తుంది, ఎందుకంటే మీరు ఆరుగురు.

గిట్‌ల్యాబ్ డాట్ కామ్ ఉచిత ప్లాన్‌లో ప్రైవేట్ గ్రూపుకి ఐదుగురే. బిట్‌బకెట్ ఉచిత ప్లాన్ కూడా ఐదుగురికే. ఆరో మనిషి దగ్గర రెండూ ఆగిపోతాయి. గిట్‌హబ్‌లో ప్రైవేట్ రిపోకి ఎంతమందైనా ఉచితమే, 2020 నుంచీ అలాగే ఉంది. కానీ ఉచిత ప్లాన్‌లో ప్రైవేట్ రిపోకి బ్రాంచ్ ప్రొటెక్షన్ పనిచేయదు. అంటే మెయిన్ బ్రాంచ్‌కి ఎవరైనా నేరుగా పుష్ చేయొచ్చు, ఫోర్స్ పుష్ (అక్కడున్న కమిట్లని తుడిచి రాసేది) కూడా చేయొచ్చు. నలుగురు కొత్తవాళ్ళున్న టీమ్‌లో ఆ తలుపు తెరిచి ఉంచడం నాకైతే నచ్చదు. గిట్‌హబ్ టీమ్ ప్లాన్‌కి మనిషికింత అని నెలనెలా కట్టి ప్రొటెక్షన్ పెట్టుకోండి. ఒక్క లైవ్ బగ్ వెతకడానికి పోయే సాయంత్రం ఖరీదు దానికంటే ఎక్కువ.

డబ్బు ససేమిరా అంటే ఆఫీసు మెషీన్‌లో గిటీ (సొంతంగా నడుపుకునే గిట్‌హబ్ లాంటిది) పెట్టుకోవచ్చు. చాలా తేలికైన ప్రోగ్రామ్, చిన్న మెషీన్ మీద నడుస్తుంది, ప్రొటెక్షన్ ఉంటుంది, మనుషుల లెక్క లేదు. కానీ బ్యాకప్ మీ బాధ్యత, అప్‌డేట్లు మీ బాధ్యత, అనంతపురం, చిత్తూరులో ఉన్నవాళ్ళకి వీపీఎన్ కావాలి, ఆఫీసులో కరెంటు పోయి యూపీఎస్ దిగిపోతే వాళ్ళిద్దరికీ రిపో అందదు. చూసుకోవడానికి ప్రత్యేకంగా మనిషి లేని చోట నేను దీన్ని సిఫార్సు చేయను.

అకౌంట్ విషయం. రిపో ఎవరి సొంత అకౌంట్ కిందా ఉండకూడదు, కంపెనీ పేరుతో ఆర్గనైజేషన్ తెరవండి. ఓనర్లు ఇద్దరుండాలి, ఒక్కరైతే వాళ్ళ ఫోన్ పోయిన రోజు మీరు బయటే నిలబడతారు. టూ-ఫ్యాక్టర్ అందరికీ పెట్టించండి, రికవరీ కోడ్లు ప్రింట్ తీసి ఆఫీసు బీరువాలో పెట్టండి.

పుష్ చేయడానికి గిట్‌హబ్ పాస్‌వర్డ్ పనిచేయదు, 2021 ఆగస్టులోనే తీసేశారు. ప్రతి మెషీన్‌లో ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌తో ఈడీ25519 కీ చేసుకుని పబ్లిక్ కీని అకౌంట్‌లో పెట్టండి. కొన్ని ఆఫీసు నెట్‌వర్కుల్లో పోర్ట్ 22 మూసేసి ఉంటుంది. అప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో హోస్ట్‌ని ఎస్‌ఎస్‌హెచ్.గిట్‌హబ్.కామ్ అని, పోర్ట్‌ని 443 అని పెడితే వెళ్తుంది.

ఇంకో సంఖ్య గుర్తుపెట్టుకోండి: గిట్‌హబ్ 50 ఎంబీ దాటిన ఫైల్‌కి హెచ్చరిస్తుంది, 100 ఎంబీ దాటితే పుష్ ఆపేస్తుంది. ఆ ఫైల్‌ని తర్వాతి కమిట్‌లో తీసేసినా లాభం లేదు, పాత కమిట్‌లో ఉంటుంది కాబట్టి పుష్ మళ్ళీ ఆగుతుంది. అందుకే పైన ట్రంక్ గారు చెప్పిన జాబితా చదివే పని మొదట్లోనే చేయండి.

---

బెళ్ళందూరు_బ్యాకెండ్

చాలా థాంక్స్ అండీ. ట్రంక్ గారూ, "తీసేసినట్టు కనిపించే ఫిక్స్" సంగతి నాకు అసలు తట్టలేదు, మా దగ్గర కచ్చితంగా అదే జరిగేది.

ఇంకో మూడు సందేహాలు. మా కోడ్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్, పేమెంట్ గేట్‌వే సీక్రెట్, ఎస్‌ఎంఎస్ కీ నేరుగా కంట్రోలర్లలోనే రాసి ఉన్నాయి. వాటిని ఎలా? రెండోది, డేటాబేస్ టేబుళ్ళని ఇప్పటిదాకా పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో చేత్తో మారుస్తున్నాం, అది గిట్‌లోకి ఎలా వస్తుంది? మూడోది డిప్లాయ్, దాని గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

---

ట్యాగ్_చూసి_ఎక్కించు

సీక్రెట్లతో మొదలుపెడదాం, ఇక్కడ వరుస తప్పితే నష్టం.

మొదటి కమిట్‌కి ముందే వాటిని .ఎన్వ్‌లోకి మార్చండి. కోడ్ మొత్తంలో "పాస్‌వర్డ్", "సీక్రెట్", "కీ", "టోకెన్" పదాలని గ్రెప్‌తో వెతకండి, వెబ్‌హుక్ సీక్రెట్‌ని మర్చిపోకండి, అది మామూలు కీ కంటే వేరు. అన్నీ .ఎన్వ్‌లోకి వెళ్ళాక, విలువలు లేకుండా పేర్లు మాత్రమే ఉన్న .ఎన్వ్.ఎగ్జాంపుల్‌ని కమిట్ చేయండి.

మార్చేటప్పుడు చాలామంది ఇక్కడ దెబ్బతింటారు: కంట్రోలర్‌లో నేరుగా ఎన్వ్() అని పిలవకండి. సర్వర్‌లో "కాన్ఫిగ్:క్యాష్" కొట్టాక లారవెల్ .ఎన్వ్ ఫైల్‌ని చదవదు, కాన్ఫిగ్ ఫోల్డర్ బయట ఎక్కడ ఎన్వ్() పిలిచినా నల్ వస్తుంది. లాప్‌టాప్‌లో బాగా నడిచిన పేమెంట్ లైవ్‌లో మాత్రమే ఆగిపోతుంది. కాన్ఫిగ్/సర్వీసెస్ ఫైల్‌లో ఒక పేరు పెట్టి, కంట్రోలర్‌లో కాన్ఫిగ్() ద్వారా తీసుకోండి. అలాగే లైవ్‌లో "కీ:జెనరేట్" ఎప్పుడూ కొట్టకండి. యాప్_కీ మారితే పాత కీతో ఎన్‌క్రిప్ట్ చేసి దాచిన డేటా తెరుచుకోదు.

ఇన్నాళ్ళూ ఆ సీక్రెట్లు ఆరు లాప్‌టాప్‌లలో, జిప్‌లలో తిరిగాయి. గిట్‌లోకి వెళ్ళకపోయినా కొత్తవి తీసుకోవడమే మంచిది. ఎప్పుడైనా ఒక కీ పొరపాటున పుష్ అయితే ముందు చేయాల్సింది ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవడం. తర్వాతి కమిట్‌లో చెరిపితే హిస్టరీలో అలాగే ఉంటుంది. గిట్ ఫిల్టర్-రెపోతో హిస్టరీ తిరగరాయొచ్చు, కానీ అప్పటికే ఎవరైనా క్లోన్ చేసుకుని ఉంటే ఆ కాపీ మీ చేతిలో లేదు. కాబట్టి కీ మార్చడం ముందు, శుభ్రం చేయడం తర్వాత.

డేటాబేస్. లైవ్ మైఎస్‌క్యూఎల్‌తో కనెక్ట్ అయ్యి "స్కీమా:డంప్" కొడితే (లారవెల్ 8 నుంచి ఉంది) ఇప్పటి టేబుళ్ళ నిర్మాణం డేటాబేస్/స్కీమా ఫోల్డర్‌లో ఒక ఫైల్‌గా వస్తుంది. దాన్ని కమిట్ చేయండి, అదే మీ మొదలు. ఇక అక్కడి నుంచి ప్రతి మార్పూ మైగ్రేషనే (టేబుల్ మార్పుని కోడ్‌గా రాసే ఫైల్), పీహెచ్‌పీమైఅడ్మిన్ చూడటానికి మాత్రమే. ఒకసారి ఎవరి దగ్గరైనా నడిచిన మైగ్రేషన్ ఫైల్‌ని తర్వాత దిద్దకండి. లారవెల్ దాన్ని నడిచినట్టు రాసుకుంటుంది, మీ దిద్దుబాటు మిగతావాళ్ళకి చేరదు. కొత్త మైగ్రేషన్ రాయాలి. ఒక మైగ్రేషన్‌లో ఒకే మార్పు పెట్టండి. మైఎస్‌క్యూఎల్‌లో ఆల్టర్ టేబుల్ లాంటివి ట్రాన్సాక్షన్‌తో వెనక్కి రావు. మూడు మార్పులు పెట్టి రెండోది ఆగితే మొదటిది నిలిచిపోతుంది, మళ్ళీ నడిపితే "కాలమ్ ఇప్పటికే ఉంది" అని ఆగుతుంది.

ఇక డిప్లాయ్. సర్వర్‌లో డిప్లాయ్‌కని ఒక మామూలు యూజర్‌ని పెట్టి, ఆ యూజర్ ఎస్‌ఎస్‌హెచ్ కీని రిపోకి డిప్లాయ్ కీగా, చదవడానికి మాత్రమే, ఇవ్వండి. పాత ఫోల్డర్‌లో గిట్ ఇనిట్ చేయకండి, పక్కన కొత్త ఫోల్డర్‌లో క్లోన్ చేసి, .ఎన్వ్, అప్‌లోడ్ ఫొటోలు అక్కడికి తెచ్చి, ఎన్‌జిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్) రూట్‌ని కొత్త దానికి మార్చండి. తేడా వస్తే పాతదానికి ఒక్క లైన్‌తో వెనక్కి వెళ్ళొచ్చు. కమాండ్లని ఒకసారి రూట్‌గా, ఒకసారి డిప్లాయ్ యూజర్‌గా కొడితే "డ్యూబియస్ ఓనర్‌షిప్" అని గిట్ మొరాయిస్తుంది (2022లో వచ్చిన 2.35.2 నుంచి ఆ తనిఖీ ఉంది). ఎప్పుడూ ఒకే యూజర్‌తో చేయండి.

ఎన్‌జిన్‌ఎక్స్ రూట్ తప్పనిసరిగా ప్రాజెక్టు లోపలి పబ్లిక్ ఫోల్డర్ కావాలి. ప్రాజెక్టు ఫోల్డర్‌నే రూట్‌గా పెడితే మీ .గిట్ ఫోల్డర్ మొత్తం ప్రపంచానికి తెరిచి పెట్టినట్టే, హిస్టరీతో సహా కోడ్ దించుకోవచ్చు. మీ సైట్ అడ్రస్ చివర "/.గిట్/హెడ్" కలిపి బ్రౌజర్‌లో తెరవండి. "రెఫ్:" తో మొదలయ్యే లైన్ కనిపిస్తే వెంటనే మూయండి. "/.ఎన్వ్" కూడా అలాగే చూడండి. ఇది ఇప్పుడే, గిట్‌కి మారకముందే చూసుకోవాల్సిన విషయం.

రిలీజ్ అంటే మెయిన్ మీద ఒక ట్యాగ్ (ఒక కమిట్‌కి పెట్టే పేరు). సర్వర్‌లో వరుస: గిట్ ఫెచ్ --ట్యాగ్స్, ఆ ట్యాగ్‌కి చెకవుట్, కంపోజర్ ఇన్‌స్టాల్ --నో-డెవ్, మైగ్రేట్ --ఫోర్స్, కాన్ఫిగ్:క్యాష్, క్యూ:రీస్టార్ట్, చివర పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎమ్ రీలోడ్. రీలోడ్ మర్చిపోతే ఆప్‌క్యాష్ (పీహెచ్‌పీ కోడ్‌ని మెమరీలో ఉంచేది) సెట్టింగ్‌ని బట్టి పాత కోడే నడుస్తూ ఉండొచ్చు, క్యూ రీస్టార్ట్ మర్చిపోతే వర్కర్లు (వెనక పనులు చేసే ప్రోగ్రాములు) పాత కోడ్‌తోనే మెయిళ్ళు పంపుతుంటాయి. ఈ వరుసని ఒక షెల్ స్క్రిప్టుగా రిపోలోనే పెట్టండి, ఏ అడుగు విఫలమైనా ఆగేలా పైన "సెట్ -ఈ" ఉండాలి. వెనక్కి వెళ్ళాలంటే ముందటి ట్యాగ్. కానీ ట్యాగ్ మార్చితే డేటాబేస్ వెనక్కి రాదు. అందుకే కాలమ్ తీసేసే మైగ్రేషన్‌ని, దాన్ని వాడటం మానేసిన కోడ్‌తో కలిపి పంపకండి, ఒక రిలీజ్ ఆగి పంపండి.

సర్వర్ మీద చేత్తో దిద్దే అలవాటు అంత త్వరగా పోదు. దానికి ఒక క్రాన్ (వేళకి తనంతట నడిచే పని) పెట్టండి: రోజూ పొద్దున "గిట్ స్టేటస్ --పోర్సెలిన్" కొట్టి, ఏమైనా బయటికొస్తే గ్రూపుకి మెయిల్. ఏమీ రాకపోతేనే సర్వర్‌లో ఉన్నది, ట్యాగ్‌లో ఉన్నది ఒకటే అని నమ్మొచ్చు.

---

గ్రేడిల్_సింక్

ఆండ్రాయిడ్ రిపో గురించి చిన్న చిన్నవి. లోకల్.ప్రాపర్టీస్ ఇగ్నోర్ చేయండి, అందులో మీ మెషీన్ ఎస్‌డీకే దారి ఉంటుంది. "*.జార్" అని ఇగ్నోర్ రాస్తే గ్రేడిల్-ర్యాపర్.జార్ కూడా పోతుంది, క్లోన్ చేసినవాళ్ళకి బిల్డే మొదలవదు, దానికి మినహాయింపు లైన్ రాయాలి. విండోస్ నుంచి కమిట్ చేసిన గ్రేడిల్‌డబ్ల్యూకి ఎగ్జిక్యూట్ బిట్ ఉండదు, మ్యాక్, ఉబుంటులో "పర్మిషన్ డినైడ్" వస్తుంది. "గిట్ అప్‌డేట్-ఇండెక్స్ --ఛ్‌మాడ్=+ఎక్స్ గ్రేడిల్‌డబ్ల్యూ" ఒకసారి కొట్టి కమిట్ చేస్తే సరి.

కీస్టోర్ (యాప్‌పై సంతకం చేసే కీ ఉన్న ఫైల్), దాని పాస్‌వర్డ్ గిట్‌లోకి రాకూడదు, అలాగని ఒక్క లాప్‌టాప్‌లోనే ఉండకూడదు. ప్లే యాప్ సైనింగ్‌లో ఉన్న యాప్‌కి అప్‌లోడ్ కీ పోతే గూగుల్‌ని అడిగి మార్చుకోవచ్చు. దానిలో లేని పాత యాప్‌కి సైనింగ్ కీ పోతే ఆ యాప్‌కి ఇక అప్‌డేట్ ఇవ్వలేరు. రెండు చోట్ల దాచండి.

వెర్షన్‌కోడ్‌ని (యాప్ వెర్షన్ సంఖ్య) ఎవరి బ్రాంచ్‌లో వాళ్ళు పెంచితే ప్రతి మెర్జ్‌లో (బ్రాంచ్‌లు కలిపేటప్పుడు) కాన్‌ఫ్లిక్ట్, అంటే ఒకే లైన్‌కి రెండు వేర్వేరు మార్పులు. రిలీజ్ చేసేవాళ్ళే మెయిన్ మీద పెంచాలి.

---

బెళ్ళందూరు_బ్యాకెండ్

సైట్‌లో "/.ఎన్వ్" చూశాను, 404 వచ్చింది, హమ్మయ్య.

ఇక మిగిలింది రోజువారీ పని. మా సీనియర్ ఒకాయనకి కమాండ్ లైన్ ఇష్టం లేదు, కాన్‌ఫ్లిక్ట్ వస్తే కోడ్ పోతుందని భయం కూడా ఉంది. నలుగురు కొత్తవాళ్ళకి ఎంతవరకు నేర్పాలి?

---

ట్రంక్_టు_మెయిన్

మొదటి నెల నేర్పాల్సినవి క్లోన్, స్విచ్, రిస్టోర్, స్టేటస్, డిఫ్, యాడ్, కమిట్, పుల్, పుష్. ఇంతే. రీబేస్, చెర్రీ-పిక్, స్టాష్ తర్వాత. పాత పాఠాల్లో చెకవుట్ ఒక్కటే బ్రాంచ్ మారడానికీ, ఫైల్ వెనక్కి తేవడానికీ వాడతారు, కొత్తవాళ్ళు అక్కడ గందరగోళపడతారు. 2019లో వచ్చిన 2.23 నుంచి ఆ రెండు పనులకీ స్విచ్, రిస్టోర్ విడిగా ఉన్నాయి, వాటినే నేర్పండి.

మీ సీనియర్ గారిని కమాండ్ లైన్‌కి లాగొద్దు. పీహెచ్‌పీస్టార్మ్‌లో, ఆండ్రాయిడ్ స్టూడియోలో, వీఎస్ కోడ్‌లో గిట్ ఉంది. కాన్‌ఫ్లిక్ట్ చూడటానికి జెట్‌బ్రెయిన్స్ మూడు కాలమ్‌ల తెర కమాండ్ లైన్ కంటే బాగుంటుంది కూడా: ఎడమ మీది, కుడి అవతలివాళ్ళది, మధ్యలో ఫలితం. ఆయనకి ఒకటి చూపించండి: మెర్జ్ సగంలో ఉండగా "గిట్ మెర్జ్ --అబార్ట్" కొడితే మెర్జ్‌కి ముందున్న స్థితికి వెళ్ళిపోతుంది. కమిట్ చేసినది పోవడం నిజంగా కష్టం. బ్రాంచ్ తీసేసినా, "రీసెట్ --హార్డ్" కొట్టినా గిట్ రిఫ్‌లాగ్‌లో ఆ కమిట్ నంబర్ ఉంటుంది, ఏ బ్రాంచ్‌కీ అందని కమిట్లయినా మామూలుగా 30 రోజుల పాటు. పోయేది కమిట్ చేయనిదే. కాబట్టి ఆయనకి చెప్పాల్సింది ఒక్కటే, పుల్ చేసేముందు కమిట్ చేయండి.

బ్రాంచ్ రెండు రోజులు దాటకుండా చూడండి. కాన్‌ఫ్లిక్టులకి అసలు కారణం మూడు వారాలు విడిగా పెరిగిన బ్రాంచే. పని పెద్దదైతే ముక్కలు చేసి, పూర్తికాని భాగాన్ని కాన్ఫిగ్‌లో ఒక స్విచ్ వెనక పెట్టి మెర్జ్ చేయండి. గిట్‌ఫ్లో పేరుతో డెవలప్, రిలీజ్, హాట్‌ఫిక్స్ అని ఐదు రకాల బ్రాంచులు ఆరుగురికి అక్కర్లేదు. మెయిన్, దాని నుంచి పొట్టి బ్రాంచులు, ప్రతిదానికీ ఒక పుల్ రిక్వెస్ట్ (మెయిన్‌లో కలపమని అడగడం), ఇంకొకరు చూడటం, స్క్వాష్ మెర్జ్ (కమిట్లన్నీ ఒకటిగా చేసి కలపడం). రివ్యూ ఒక రోజు దాటి ఆగితే మాత్రం జనం దొడ్డిదారి వెతుకుతారు, మధ్యాహ్నం భోజనానికి ముందు అరగంట అందరూ రివ్యూకే అని పెట్టుకోండి.

మెయిన్‌లోకి తప్పు వెళ్తే "గిట్ రివర్ట్", అది ఆ మార్పుని రద్దుచేసే కొత్త కమిట్ చేస్తుంది, ఎవరి కాపీ చెడదు. రీసెట్ చేసి ఫోర్స్ పుష్ చేస్తే మిగతా ఐదుగురి మెయిన్ విడిపోతుంది. సొంత బ్రాంచ్‌కి ఫోర్స్ చేయాల్సి వస్తే "--ఫోర్స్-విత్-లీజ్" వాడాలి, మీరు చూడని కమిట్ ఎవరైనా అక్కడికి పంపి ఉంటే ఆగుతుంది.

విండోస్‌లో యూజర్‌కంట్రోలర్ ఫైల్ పేరులో ఒక్క అక్షరం చిన్నది నుంచి పెద్దది చేస్తే గిట్ గమనించకపోవచ్చు, విండోస్‌లో నడుస్తుంది, ఉబుంటు సర్వర్‌లో "క్లాస్ నాట్ ఫౌండ్" వస్తుంది. "గిట్ ఎమ్‌వీ" తో ముందు వేరే పేరుకి, తర్వాత కావాల్సిన పేరుకి, రెండడుగుల్లో మార్చాలి.

కంపోజర్.లాక్‌లో కాన్‌ఫ్లిక్ట్ వస్తే చేత్తో కలపకండి, అది తప్పకుండా చెడుతుంది. మెయిన్‌లో ఉన్న కంపోజర్.జేసన్, కంపోజర్.లాక్ రెండూ తీసుకుని, మీ ప్యాకేజీకి "కంపోజర్ రిక్వైర్" మళ్ళీ కొట్టండి. కొత్త లాక్ ఫైల్‌ని అదే రాస్తుంది.